చివరి బెంచీలో కూర్చున్న ఇద్దరు

మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. కేసు ఎలా రాయాలి మేడం అని అడుగుతారు. ఎన్ని పేజీలుండాలి, చివర ప్రశ్నలు ఇవ్వాలా వద్దా, ఊరి పేరు మార్చాలా, ఇలాంటివి వాళ్ల సందేహాలు. వాటికి జవాబులు పుస్తకాల్లో దొరుకుతాయి. పుస్తకాల్లో దొరకనిదొకటి వనపర్తిలో పనిచేస్తున్నప్పుడు నాకు తెలిసింది. నాకది తెలియడం కోసం నొచ్చుకున్నది మాత్రం ఇంకొక మనిషి. అందుకే ఆ సంగతి దాచకుండా చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు మా వైపు చిన్న పట్టణాల్లోకి కూడా ఎంబీఏ కాలేజీలు వచ్చాయి. అంతకు ముందు చాలా ఏళ్లు నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్పిన నేను, వనపర్తి ఊరి చివర కొత్తగా పెట్టిన ఒక కాలేజీలో చేరాను. గుట్ట పక్కన రెండంతస్తుల భవనం. పై అంతస్తుకు ఇంకా సున్నం పడలేదు. పిల్లలు మానవపాడు నుంచి, అచ్చంపేట నుంచి, ఉప్పునుంతల నుంచి వచ్చేవాళ్లు. ఎక్కువమంది సేద్యం ఇళ్ల పిల్లలు. డిగ్రీ దాకా తెలుగులో చదివినవాళ్లు.

చేరిన ఏడాదే నన్ను హైదరాబాదుకు వారం రోజుల శిక్షణకు పంపారు. కేసు పద్ధతి ఎలా ఉంటుందో అక్కడే మొదటిసారి చూశాను. ఎక్కడో ఒక వ్యాపారంలో నిజంగా వచ్చిన చిక్కును నాలుగైదు పేజీల్లో రాసి పిల్లలకు ఇస్తారు. ఒక మనిషి ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన చోట ఆ కాగితం ఆగిపోతుంది. ఆ కుర్చీలో నువ్వుంటే ఏం చేస్తావని అడుగుతారు. ఇదే సరైన జవాబని ఉండదు. పిల్లలు వాదించుకుంటారు, టీచరు మధ్యమధ్య మంట ఎగదోస్తుంటారు. నాకు అది ఎంత నచ్చిందంటే, తిరుగు బస్సులో వనపర్తి దాకా నా మనసులోనే తరగతి నడుపుకుంటూ వచ్చాను.

మా కాలేజీలో అది నడవలేదు. శిక్షణలో ఇచ్చిన కేసుల్లో ఒకటి విమానాల కంపెనీది, ఒకటి ఓడలది, ఒకటి ఏదో చలిదేశంలో చీజ్ తయారుచేసే కుటుంబానిది. నేను బోర్డు ముందు నిలబడి మీరైతే ఏం చేస్తారని అడిగితే అందరూ తలలు వంచుకునేవాళ్లు. చీజ్ అంటే ఏందని ఒకబ్బాయి అడిగాడు. అప్పటికి నేనూ తినలేదు. ఆ మాట ఒప్పుకోకుండా జున్ను లాంటిదని చెప్పి దాటేశాను.

స్టాఫ్‌రూంలో నా పక్క కుర్చీ ఎకనామిక్స్ చెప్పే పెద్దాయనది. సర్కారు కాలేజీలో రిటైరై మా దగ్గర చేరారు. నా అవస్థ చూసి, ఆ జున్ను కంపెనీని వదిలిపెట్టమని, మన పిల్లలకు తెలిసిన పనిలో చిక్కు ఏదైనా వెతకమని అన్నారు. గద్వాలలో తనకు తెలిసిన ఒక షావుకారు ఉన్నాడని, చీరలు నేయిస్తాడని, మాట్లాడితే మొహమాటం లేకుండా చెబుతాడని చిరునామా ఇచ్చారు.

ఆదివారాలు నేను గద్వాల పోవడం అలా మొదలైంది. పెబ్బేరు దాటి, కృష్ణ మీద వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారేదాన్ని. షావుకారుకు నలభై అయిదేళ్లుంటాయి. నూలు, పట్టు, జరీ ఆయన ఇస్తాడు. నేసేవాళ్లు తమ ఇళ్లలోని గుంట మగ్గాల మీద నేసి చీర తెచ్చి అప్పగిస్తారు. అలాంటి మగ్గాలు ఆయన కింద తొమ్మిది ఉండేవి. గద్వాల చీర సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలూ పట్టూ కలిసే చోట పోగు పోగునూ చేత్తో కలపాలి. ఆ అతుకు కంటికి కనిపించకూడదు. చీర విలువంతా అక్కడే ఉంది.

మూడో ఆదివారం ఆయన అసలు సంగతి బయటపెట్టాడు. తొమ్మిది మందిలో పెద్దవాడు ఒక ముసలాయన. షావుకారు చిన్నతనంలో అతనికి నేత నేర్పింది ఆయనే. ఆయన్ను మామా అని పిలుస్తాడు. ఆయన చూపు తగ్గింది. అతుకుల్లో పోగులు తప్పుతున్నాయి. హైదరాబాదులో వాళ్ల చీరలు కొనే దుకాణం మూడు చీరలు వెనక్కి పంపింది. ఇంకొక్కటి ఇలా వస్తే మీ దగ్గర కొనడమే మానేస్తామని కబురు పెట్టింది. ముసలాయనకు నూలు ఇవ్వడం ఆపాలి, లేకపోతే తొమ్మిది మగ్గాలూ ఆగిపోతాయి.

నాకు లోపల ఎంత సంతోషం వేసిందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను వెతుకుతున్న కేసు అచ్చంగా అదే. ఆ ముసలాయనను ఒకసారి కలుస్తానని అడిగాను.

“వద్దు మేడం,” అన్నాడు షావుకారు. “ఆయనకు కండ్ల సంగతి తెల్వదు. మీరు పోయి అడిగితే అనుమానపడతడు. గట్ల తెలిస్తే పానం ఇడుస్తడు.”

నేను బలవంతం చేయలేదు. ఆ ముసలాయన ఇంటికి పోయి ఎదురుగా కూర్చోవడం కంటే పోకుండా ఉండడమే నాకూ తేలికనిపించింది. అయిదు పేజీలు రాశాను. ఊరి పేరు తీసేశాను. ఎకనామిక్స్ పెద్దాయన చదివి, కళ్లజోడు తుడుచుకుంటూ, ఇందులో ముసలాయన ఒక్క మాటా మాట్లాడలేదేందమ్మా అని అడిగారు. తేల్చుకోవాల్సింది షావుకారు కదా సార్ అన్నాను. ఆయన తలూపి కాగితాలు తిరిగి ఇచ్చేశారు.

శిక్షణలో నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. కేసులోని మనిషిని తరగతికి పిలిచి, ఎవరో చెప్పకుండా వెనక కూర్చోబెట్టి, చర్చ అయిపోయాక పిల్లలకు పరిచయం చేస్తే వాళ్లు జన్మలో మరిచిపోరని చెప్పారు. షావుకారును రమ్మన్నాను. మొదట వద్దన్నాడు. వారం తర్వాత తనే ఫోన్ చేసి వస్తానన్నాడు. ఇంకొకరిని తోడు తెచ్చుకోవచ్చా అని అడిగాడు. తెచ్చుకోమన్నాను.

ఆ రోజు ఇద్దరూ పొద్దున బస్సుకే వచ్చారు. షావుకారు వెంట ఉతికిన తెల్లటి పంచె, భుజాన తువ్వాలతో ఒక పెద్దమనిషి ఉన్నాడు. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుని ఎక్కాడు. మా బంధువు అని షావుకారు అన్నాడు. ఇద్దరినీ చివరి బెంచీలో కూర్చోబెట్టాను. ఎవరని నేను ఇంకొక మాట అడగలేదు. తరగతి ఎలా నడుస్తుందోనన్న ఆరాటం తప్ప నా తలలో వేరే ఏమీ లేదు.

తరగతి నేను కలగన్న దానికంటే బాగా నడిచింది. కేసు ఇంగ్లీషులో ఇచ్చినా మాట్లాడడం తెలుగులోనే అన్నాను. మొదటి పది నిమిషాల్లోనే ఆరేడు చేతులు లేచాయి. మానవపాడు నుంచి వచ్చే అబ్బాయి ఒకడుండేవాడు, మిరప పండించే వాళ్లింట్లో మొదట డిగ్రీ చేసినవాడు, బాగా చురుకు. అతను లేచి, పనివాడి మీద ప్రేమ ఉండొచ్చు గానీ తప్పు చీర దుకాణానికి పోకూడదన్నాడు. ఇంకొకరు ముసలాయనకు నూలు కండెలు చుట్టే పని ఇవ్వొచ్చన్నారు. అతను ఒప్పుకోలేదు.

“ఒక్కాయన కోసం తొమ్మిది ఇండ్లు పస్తులుండాల్నా మేడం?” అని నన్నే అడిగాడు.

నేను ఆ మాటను అందుకున్నాను. గౌరవం అనే మాట వాడిన ప్రతివాళ్లనూ నిలదీశాను. ఆ గౌరవానికి మిగతా ఎనిమిది మంది ఎందుకు బలి కావాలని అడిగాను. ఆ ముసలాయన ఎంత మొండివాడో, తన లోపం తనకే తెలియని మనిషితో యజమాని ఎలా వేగాలో కూడా నేనే ఊహించి చెప్పాను. పిల్లలు నవ్వారు. చివరికి బోర్డు మీద మూడు గళ్లు గీశాను. తీసేయాలి, ఉంచాలి, వేరే పని ఇవ్వాలి. చేతులెత్తమని, లెక్కపెట్టి గళ్లలో అంకెలు వేశాను. మొదటి గడి వైపే చాలామంది ఉన్నారు.

అప్పుడు, ఇంద్రజాలం చేసేవాళ్లలాగా, ఈ కేసులోని షావుకారు ఇక్కడే ఉన్నారని చెప్పాను. పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. కొందరు చప్పట్లు కొట్టారు. షావుకారు లేచి నిలబడ్డాడు. మానవపాడు అబ్బాయి ఉత్సాహంగా, మీరు చివరికి ఏం చేసిండ్రు సార్ అని అడిగాడు. షావుకారు తన పక్కన కూర్చున్న మనిషి వైపు చూశాడు.

ఆ పెద్దమనిషి బెంచీ అంచు పట్టుకుని నెమ్మదిగా లేచాడు.

“ఆ ముసలోన్ని నేనే బిడ్డా,” అన్నాడు.

ఆయన గొంతు పెంచలేదు. నేను నిలబడ్డ వైపు కాకుండా కొంచెం పక్కకు చూస్తూ మాట్లాడాడు.

“ఈ పిల్లలు అన్నదాంట్ల తప్పులేదు. అతుకు తప్పితే అది చీర గాదు. నాకు కండ్లు ఆనుతలేవని నాకు ఎర్కే. పోయిన వానకాలం నుంచే ఎర్కే. వీడు ఎప్పుడు చెప్తడో అని చూస్తున్న. మగ్గం కాడికొచ్చి ఒక్క మాటంటే నేనే లేస్తుంటి.”

షావుకారు తల వంచుకున్నాడు. ముసలాయన బోర్డు ఉన్న వైపు చెయ్యి చాపాడు.

“ఆడ ఏందో రాసినవు గద. నాకు కనిపిస్తలేదు. ఏది గెలిచింది బిడ్డా?”

నా ఉద్యోగంలో ఎన్నోసార్లు బోర్డు మీది అంకెలు చదివాను. ఆ రోజు చదివినంత కష్టంగా ఎప్పుడూ చదవలేదు. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. అరవై మంది చూస్తున్నారు. తీసేయాలని ముప్పై ఎనిమిది మంది అన్నారని చెప్పాను.

“మంచిది,” అన్నాడాయన. తువ్వాల సర్దుకుని, బెంచీలు తడుముకుంటూ తలుపు దాకా నడిచి బయటికి వెళ్లిపోయాడు.

షావుకారు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. “నా నోటితోని చెప్పలేకపోయిన మేడం. మీ తరగతిల నాలుగు మాటలు ఇంటె ఆయనకే సమజైతదనుకున్న. గిట్లయితదనుకోలేదు,” అన్నాడు. అతని మీద నాకు కోపం వచ్చింది. అది నా మీద రావాల్సిన కోపమని సాయంత్రానికి గానీ అర్థం కాలేదు. తను చెప్పలేని మాటను అరవై మంది చేత చెప్పించింది అతనే కావచ్చు. ఆ మాటకు పదును పెట్టింది నేను.

నేను అలా నిలబడి ఉండగానే మధ్య వరుసలోంచి ఒకామె లేచి బయటికి పోయింది. ఉప్పునుంతల నుంచి వచ్చే విద్యార్థిని. పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్లీ చదువుకు వచ్చింది. వయసు ముప్పై దాటి ఉంటుంది. ఏడాదంతా తరగతిలో నోరు విప్పింది లేదు. ఆమె వెనకాలే నేనూ వెళ్లాను. ముసలాయన వరండాలో మెట్ల దగ్గర ఆగి ఉన్నాడు, మొదటి మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుంటున్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఎండ వైపు తిప్పి, మొహంలోకి చూసింది.

“తాతా, ఎన్నడన్న కండ్ల దవాఖానకు పోయినవా?” అని అడిగింది.

పోలేదన్నాడు. చాలా ఏళ్ల కింద వాళ్ల తమ్ముడికి ఎక్కడో శిబిరంలో ఆపరేషన్ చేస్తే చీము పట్టి కన్ను పోయిందని, అప్పటి నుంచి ఆ మాటంటేనే భయమని చెప్పాడు. తన అత్తకు కూడా ఇలాగే కంట్లో పొర వచ్చిందని, పాలమూరులో చేయిస్తే ఇప్పుడు బియ్యంలో రాళ్లు ఏరుతుందని ఆమె చెప్పింది.

నేను అక్కడే నిలబడి విన్నాను. గంటంబావు సేపు అరవై మందిమి ఆ ముసలాయన కళ్ల గురించే వాదించుకున్నాం. ఆ కళ్లను ఎవరికైనా చూపించారా అని ఒక్కరం కూడా అడగలేదు. అడగడానికి నా అయిదు పేజీల్లో చోటు లేదు. మూడు గళ్లు గీసింది నేను, పిల్లలు ఆ గళ్లలోనే వెతికారు. ఈమెకు లోపల ఆ ప్రశ్న ఉండే ఉంటుంది. అది మేనేజ్‌మెంట్ ప్రశ్న కాదేమో, నవ్వుతారేమో అనుకుని ఊరుకుందట. తర్వాత నేనడిగితే ఆ మాటే చెప్పింది.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఉప్పునుంతల ఆమె రెండు ఆదివారాలు నాతో గద్వాల వచ్చింది. రెండోసారి వాళ్ల అత్తను కూడా వెంట తీసుకొచ్చింది. ఆ పెద్దమ్మ ముసలాయన ఎదురుగా కూర్చుని తన ఆపరేషన్ సంగతంతా గంటసేపు చెప్పింది. మూడో వారం ఆయన్ను పాలమూరు తీసుకుపోయాం. షావుకారు కూడా వచ్చాడు గానీ బస్సులో వేరే సీటులో కూర్చున్నాడు. డాక్టరు చూసి ఎడమ కంటికి ఇక చేసేదేమీ లేదన్నారు, లోపలి నరం చచ్చిపోయిందట. రెండేళ్ల ముందు వస్తే వేరుగా ఉండేదన్నారు. కుడి కంటికి ఆపరేషన్ చేశారు.

కట్టు విప్పాక నెల రోజులకు ఆయన ఇంటికి వెళ్లాను. మొదటిసారి ఆయన నన్ను నేరుగా చూశాడు. ఇంత పొట్టిదానివనుకోలేదు బిడ్డా, గొంతు పెద్దగుంటే పొడుగు మనిషనుకున్న అని నవ్వాడు. క్షమాపణ చెబుదామని నేర్చుకుపోయిన మాటలు ఆ నవ్వు చూసి పక్కన పెట్టేశాను. ఆ కేసును ఇక వాడనని, చించేస్తానని మాత్రం చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ముందు అందులో ఏముందో చదివి వినిపించమన్నాడు.

వాకిట్లో కూర్చుని మొత్తం తెలుగులో చెప్పాను. తను నేత నేర్పిన సంగతి వచ్చినప్పుడు తలూపాడు. ‘తన చూపు మందగించిందని ఆయనకు తెలియదు’ అన్న వాక్యం దగ్గర చెయ్యెత్తి నన్ను ఆపాడు.

“అది దిద్దు. నాకు తెలుసని రాయి. ఎర్కుండి కూసున్నడని రాయి. భయమైతుండె, ఎవ్వనికి చెప్పలేదని రాయి. గట్ల రాస్తే పిల్లలకు చెప్పుకో.”

అలాగే దిద్దాను. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఆ కేసు చెప్పాను. ఆ ఒక్క వాక్యం మారేసరికి తరగతి మారిపోయింది. చేతులు అంత తొందరగా లేచేవి కావు. ఎవరో ఒకరు, ఆయనతో ఎవరైనా మాట్లాడారా మేడం అని అడిగేవారు. నేను బోర్డు మీద గళ్లు గీయడం మానేశాను. కొత్త కేసు రాసిన ప్రతిసారీ ఎవరి గురించి తేల్చబోతున్నారో ఆ మనిషి ఎదుట ముందుగా కూర్చున్నాను. కొన్నిసార్లు అలా కూర్చున్నాక కేసు రాయకుండానే తిరిగి వచ్చాను. అలా రాయనివాటి గురించి నాకు బాధ లేదు. మీరు రాసేటప్పుడు పేజీలు ఎన్ని అన్నది తర్వాత చూసుకోండి.

ముసలాయన మళ్లీ నేయలేదు. ఒక కంటితో అతుకు కుదరదని తనే చెప్పేశాడు. ఆయన ఇంట్లోని మగ్గం మాత్రం ఖాళీగా లేదు. ఆ మగ్గానికి వేరే మనిషిని పెట్టడానికి మనసొప్పక షావుకారే రోజూ వచ్చి కూర్చునేవాడు. చాలా ఏళ్లుగా పోగు దాటించే నాడె పట్టని చెయ్యి, సరిగ్గా సాగేది కాదు. కేసు చదివి వినిపించిన ఆ రోజు నేను సెలవు తీసుకుని లేచినప్పుడు అతను లోపల గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. ముసలాయన వెళ్లి పక్కన చాప మీద కూర్చున్నాడు. మా తరగతికి వచ్చిపోయినప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు లేవని ఇంటావిడ అంతకు ముందే నాకు చెప్పింది.

నేను గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ చూశాను. షావుకారు నేత ఆపాడు. అంచు కలిసే చోట ఒక వేలు పెట్టి ముసలాయన వైపు తిరిగాడు. ఆయన ముందుకు వంగి, మిగిలిన కంటిని బట్టకు ఆనేంత దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత కన్ను మూసి ఆ అతుకు పొడుగునా బొటనవేలు నడిపించాడు.

“ఇప్పు,” అన్నాడు.

షావుకారు పొద్దుటి నుంచి నేసిందంతా ఒక్కొక్క పోగే విప్పడం మొదలుపెట్టాడు.